కుర్చీ మీద కండువా

మా ముత్తాతగారికి బందరు కాలువ మీద పదకొండు పడవలు ఉండేవి. బెజవాడ నుంచి బందరు దాకా ధాన్యం కదలాలన్నా, బెల్లం కదలాలన్నా, పెళ్లివారు తరలి వెళ్లాలన్నా ఆయన పడవలే దిక్కని, లాకుల దగ్గర మా పడవ వస్తోందంటే మిగతావాళ్లు పక్కకి జరిగి దారి ఇచ్చేవాళ్లని మా నాయనమ్మ చెప్పేది. మా తాతగారు కాలువ వదిలి నదిలోకి వచ్చారు. భవానీపురం రేవు నుంచి అమరావతి దాకా కృష్ణ మీద ఆయనవి రెండు లాంచీలు తిరిగేవి. మా నాన్నగారి నాటికి ఒక లాంచీ, అందులో ఒక కుర్చీ మిగిలాయి. నాకు ఒక కండువా మిగిలింది. ఈ వరస చెప్పకుండా మొదలుపెడితే, పోయిన ఏడాది సముద్రం మధ్యన, ఓడ మీద, పట్టపగలు ఒక కుర్చీ ముందు నేను నోరు పెగలక ఎందుకు నిలబడిపోయానో మీకు బోధపడదు.

ఓడ ప్రయాణం నా ఆలోచన కాదు. మా ఆవిడకి రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమ వైపు చచ్చుబడింది. మందులతోనూ మొండితనంతోనూ లేచి, మూడు కాళ్ల కర్ర పట్టుకుని ఇంట్లో నడవగలిగే స్థితికి వచ్చింది గాని, మంచంలో ఉన్న రోజుల్లో ఒకసారి, ఒడ్డు కనపడని చోట కూర్చుని సముద్రాన్ని చూడాలని ఉందని అంది. కార్తీక పౌర్ణమికి మంగినపూడి వెళ్లి మోకాలి లోతులో మునిగి రావడం తప్ప ఆమె సముద్రాన్ని ఎరగదు. తీసుకెళతానని ఆ రోజే మాట ఇచ్చాను. పడవల వాళ్ల ఇంటివాణ్ణి కదా, ఆ మాట ఇవ్వడానికి నాకు క్షణం పట్టలేదు. నిలబెట్టుకోవడానికి మాత్రం నా పింఛను సరిపోదని తెలుసుకోవడానికి ఏడాది పట్టింది.

చివరికి ఆ మాట నిలబెట్టింది ఆమె తమ్ముడు. కైకలూరు వైపు చేపల చెరువులతో నిలదొక్కుకున్నవాడు, నోటి నిండా నవ్వు తప్ప కల్మషం లేనివాడు. విశాఖ రేవులో ఎక్కితే చెన్నైలో దించే ఓడకి నలుగురికీ టికెట్లు తీసుకుని, ఆ తరువాత మా ఇంటికి వచ్చి చెప్పాడు. నేను ముఖం ముడుచుకోవడం చూసి కుర్చీ నా దగ్గరికి లాక్కున్నాడు. "బావగారూ, మీరు రాకపోతే అక్క రాదు. అక్క రాకపోతే మా ఆవిడ నన్నొక్కణ్ణీ పంపదు. నా సరదా అంతా మీ చేతుల్లో ఉందండీ" అన్నాడు. మా ఆవిడ లోపలి గదిలో నుంచి, "ఆయన్ని బతిమాలకురా, బిగుసుకుపోతారు. సంచీ సర్దమని చెప్పు" అంది. ఒకరి ఖర్చుతో ప్రయాణం చేయడం నాకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. సంచీలో అన్నిటికంటే ముందు మా నాన్నగారి కండువా పెట్టుకున్నాను.

మన రోజుల్లో లాంచీ ఎక్కినవాళ్లకి ఆ ఓడని ఎలా చెప్పాలో తెలియడం లేదు. అపార్టుమెంటు ఒకటి పునాదులతో సహా లేచి నీళ్ల మీద కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. అలవాటు కొద్దీ కుడికాలు ముందు పెట్టి ఎక్కాను. ఎవరూ కొబ్బరికాయ కొట్టలేదు, ఎవరూ కృష్ణమ్మ తల్లీ అని దణ్ణం పెట్టలేదు. మర్నాడంతా ఓడ ఎక్కడా ఆగదని, ఒడ్డే కనపడదని, ఆ రోజు అందరూ విశ్రాంతిగా పైఅంతస్తులో కుర్చీల్లో వాలి సముద్రాన్ని చూడటమే పని అని మా బావమరిది వివరించాడు. మా ఆవిడ ఎదురుచూసిన రోజు అదే. మరదలి చేత జడ వేయించుకుని, కొత్త మంగళగిరి చీర కట్టించుకుని, పెళ్లికి వెళ్లే మనిషిలా తయారవుతోంది.

నేను తెల్లవారగానే పైకి వెళ్లి చోటు వెతికాను. కుర్చీలు వరసగా వందలు ఉన్నాయి గాని, నీడ పడేవి తక్కువ. ఓడ అంచున కటకటాల పక్కన, నీడలో, గాలి తగిలేచోట ఒక కుర్చీ దొరికింది. అక్కడ కూర్చుంటే కళ్ల ముందు నీళ్లు తప్ప ఇంకేమీ ఉండదు. భుజాన ఉన్న కండువా తీసి, మూడు మడతలు వేసి, దాని మీద పరిచి, ఆమెని తీసుకురావడానికి గదికి వెళ్లాను. కండువా పరిచాక ఆ కుర్చీ గురించి నాకు మరో ఆలోచన లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే మళ్లీ కృష్ణ ఒడ్డుకి రావాలి.

మా తాతగారు రేవుకి ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవారట. ఆయన వచ్చేదాకా కుర్చీ ఆయనదేనని తెలియడానికి ముందుగా కండువా పంపేవారు. పనివాడు దాన్ని రెండు చేతుల మీద పట్టుకుని తీసుకొచ్చి, లాంచీ ముందు భాగంలో సరంగు పక్కన ఉండే టేకు కుర్చీ మీద వేసేవాడు. కొన్నాళ్లకి తాతగారు రావడం తగ్గింది, కండువా రావడం తగ్గలేదు. మా నాన్నగారి కాలానికి అది ఒక కట్టుబాటైపోయింది. పొద్దున్నే గంజి పెట్టిన కండువా మా ఇంటి నుంచి బయలుదేరాలి, కుర్చీ మీద కూర్చోవాలి, అప్పుడే లాంచీ కదలాలి. సాయంత్రం మళ్లీ ఇంటికి రావాలి. యజమాని లాంచీలో ఉన్నట్టే లెక్క. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోకూడదు. తండ్రి బతికి ఉండగా కొడుకైనా కూర్చోకూడదు. అలాగే మా ఇంట్లో మగవాళ్లెవరూ చుక్కాని ముట్టుకోకూడదు. అది సరంగు పని. చుక్కాని తిప్పడం చేతగాకపోవడం కూడా మర్యాదలో ఒక భాగమని మాకు నేర్పారు, మేము నేర్చుకున్నాము.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు నాన్నగారు ఉబ్బసం ముదిరి మంచం పట్టారు. అప్పటినుంచి కండువా తీసుకెళ్లి తీసుకురావడం నా ఉద్యోగం. సాయంత్రం ఇంటికి రాగానే ఆయన నన్ను టికెట్ల మాట అడిగేవారు కాదు, ఇంజను మాట అడిగేవారు కాదు. కండువా చేతికి తీసుకుని మడతల మీద వేళ్లు నడిపి, గంజి విరగలేదని చూసుకుని, తలగడ పక్కన పెట్టుకునేవారు. బస్సులు వచ్చి జనం పలచబడుతున్న రోజులవి. ఆయనకి ఇంకా మిగిలిన హోదా ఆ మడతల్లో ఉంది, దాన్ని చెడకుండా ఇంటికి చేర్చడం నా చేతిలో ఉంది. అంతకు మించి ఆ వయసులో నేను ఆలోచించలేదు.

మా సరంగు తాతగారి దగ్గర చేరి నాన్నగారి దాకా నడిపినవాడు. నీళ్ల రంగు చూసి కింద ఎక్కడ ఇసుక మేట వేసిందో చెప్పగలిగిన మనిషి. కృష్ణలో మేటలు వరద వరదకీ చోటు మారతాయి. నిన్న నిలువు లోతు ఉన్నచోట నేడు కొంగలు నిలబడి ఉంటాయి. ఆ దారి కాగితం మీద ఎక్కడా లేదు, అతని కళ్లల్లోనే ఉంది. అతనికి లేటు వయసులో పెళ్లయింది. భార్యకి రెండు కాన్పులు నిలబడలేదు. మూడోసారి ఎనిమిదో నెల వచ్చిందని, ఈసారి నిలిస్తే గుణదల మేరీమాతకి మొక్కు చెల్లిస్తానని అనుకుందని, తిరునాళ్లకి వెళ్లి కొవ్వొత్తి వెలిగించి వస్తుందని వారం ముందే నాతో చెప్పాడు. అంటే నాకు తెలియదని చెప్పడానికి వీలు లేదు.

తిరునాళ్ల నాటి మధ్యాహ్నం లాంచీ ఎలా ఉంటుందో ఆ కాలం వాళ్లకి చెప్పనక్కరలేదు. అవతలి ఒడ్డు ఊళ్లవాళ్లందరూ గుణదల చూసుకుని, బూరలూ బొమ్మలూ ఖర్జూరం పొట్లాలూ పట్టుకుని ఒక్కసారే రేవు మీద పడ్డారు. బల్లలు నిండాయి, బల్లల మధ్య నేల నిండింది, అంచుల మీద కూడా కూర్చున్నారు. సరంగు భార్య అందరికంటే వెనకాల, నడుం మీద చెయ్యి వేసుకుని, రేవు నుంచి లాంచీకి వేసిన పలక మీదుగా మెల్లగా ఎక్కి, జనాన్ని తప్పించుకుంటూ భర్త ఉన్నచోటికి, అంటే మా కుర్చీ దగ్గరికి వచ్చి ఆగింది. కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద కండువా ఉంది. దాని పక్కన నేను నిలబడి ఉన్నాను.

లాంచీ కదిలాక ఆకు నములుతున్న ఒక ముసలమ్మ నా వైపు తిరిగింది.

"చినబాబుగారూ, కండువాకి అర టికెట్టు కొట్టారా, నిండు టికెట్టు కొట్టారా?"

ఆవిడ పక్కనున్న ఆమె మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అది కండువా అనుకున్నావా అత్తా? పెదబాబుగారే. కాస్త సన్నబడ్డారంతే."

లాంచీ అంతా నవ్వింది. నాకు చెవులు వేడెక్కాయి. ఆ నవ్వు రాకపోయి ఉంటే కండువా తీసేవాణ్ణేమో అని తరువాత చాలాసార్లు అనుకున్నాను. నవ్వారు గనక తీయలేకపోయాను. సరంగు వైపు చూశాను. అతను నీళ్ల మీద నుంచి చూపు తిప్పకుండా, "పర్లేదండీ చినబాబుగారూ. నిలబడుద్దండీ. ఎంతసేపు, రెండు గంటలేగా" అన్నాడు. ఆ మాట నాకు అనుమతిలా వినపడింది. ఆమె కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, కండువా అంచు మీద వేళ్లు ఆనించి, పాదం మార్చి పాదం మీద రెండు గంటలు నిలబడింది. నేను కూడా నిలబడే ఉన్నాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నా కాళ్లకి ఇరవై రెండేళ్లు. ఆమె కాళ్ల మీద ఇద్దరి బరువు ఉంది.

ఆమె దిగాల్సిన రేవు వచ్చింది. సరంగు చుక్కాని వదిలి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని దింపాడు. తిరిగి వచ్చి, ఏమీ జరగనట్టే లాంచీ నడిపాడు. ఆ సాయంత్రం నాన్నగారు కండువా తడిమి, "అంచు దగ్గర మెత్తబడిందేరా" అన్నారు. తుంపర పడిందని చెప్పాను.

మర్నాడు సరంగు స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఇంజను తాళం అరుగు మీద పెట్టి, "ఆవిడ దగ్గరుండాలండీ పెదబాబుగారూ. ఇంక రాలేనండీ" అన్నాడు. నా పేరు ఎత్తలేదు, కుర్చీ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాన్నగారు కోప్పడేవారు, నేను ఒప్పుకునేవాణ్ణి, ఏదో ఒకటి తేలేది. అతను చేతులు జోడించి వెళ్లిపోయాడు. నాలుగు రోజుల్లో అతనే వస్తాడని నాన్నగారు అన్నారు. నాలుగు రోజులు లాంచీ రేవులో కట్టేసి ఉంది. దాన్ని నడపగలిగినవాడు మా వంశంలో ఒక్కడూ లేడు.

అయిదో రోజు నేను నాన్నగారితో చెప్పకుండా బయలుదేరాను. అతని ఇంటికి వెళ్లి, ఆమె ముందు తప్పు ఒప్పుకోవాలని నిశ్చయించుకున్నాను. రేవు దాకా వెళ్లాకే నాకు ఒక విషయం తట్టింది. అవతలి ఒడ్డుకి వెళ్లాలంటే అదే రేవులో మాకు పోటీగా తిరిగేవాళ్ల లాంచీ ఎక్కాలి. మా ఇంటివాళ్లు ఇంకొకరి లాంచీకి టికెట్టు కొనడమన్నది అప్పటిదాకా లేదు. అయినా మనసు రాయి చేసుకుని వరసలో నిలబడ్డాను. టికెట్లు ఇచ్చే ఆయన నన్ను చూసి గబగబా లేచి, "అయ్యయ్యో, మీకు టికెట్టేందండీ చినబాబుగారూ! ఎక్కండెక్కండి. ఒరేయ్, చినబాబుగారికి ముందు చోటియ్యండ్రా!" అని అరిచాడు. ఆయన మర్యాదే చేశాడు. బల్ల మీద ఇద్దరు లేచి నాకు చోటు కూడా ఇచ్చారు. ఆ చోటు చూసి నేను వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను. అంతే. అతని ఇంటికి మళ్లీ బయలుదేరలేదు. ఆడపిల్ల పుట్టిందని, తల్లీ బిడ్డా కులాసాగా ఉన్నారని రెండు నెలలకి ఎవరో రేవులో మాట్లాడుకుంటుంటే విన్నాను. సరంగు ఆ పోటీవాళ్ల లాంచీలో చేరాడని కూడా అప్పుడే తెలిసింది.

ఆ తరువాత మేము పెట్టుకున్నవాళ్లకి ఇంజను తెలుసు గాని నది తెలియదు. వేసవి ముదరకముందే, స్నానాల రేవులో జనమంతా చూస్తుండగా లాంచీ మేట ఎక్కి ఆగిపోయింది. ఎక్కినవాళ్లు చీరలూ పంచెలూ ఎత్తిపట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నడిచి ఒడ్డుకి వెళ్లారు. అందరూ దిగాక నేను వెనక్కి చూస్తే కుర్చీ మీద కండువా మడత నలగకుండా ఉంది.

అదీ కండువా కథ. ఇప్పుడు ఓడ మీదికి వస్తాను.

మా ఆవిడని గది నుంచి పైకి తీసుకురావడానికి గంట దగ్గర పట్టింది. లిఫ్టు రావడం, నిండా జనం ఉండటం, మళ్లీ రావడం. మా బావమరిది మందుల సంచీ మరిచిపోయి వెనక్కి వెళ్లాడు, అతని భార్య అతని వెంట వెళ్లింది. మేమిద్దరమే అడుగులో అడుగు వేసుకుంటూ ఆ కుర్చీ దగ్గరికి చేరాము. కుర్చీలో చెవులకి ఏవో తగిలించుకున్న ఒక యువకుడు కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. కండువా లేదు. అటుగా వెళుతున్న ఓడ ఉద్యోగిని, చిన్నపిల్ల, నేను వెతుక్కోవడం చూసి ఆగి, "థర్టీ మినిట్స్ రూల్ సార్, సారీ సార్" అని గోడ మీది బోర్డు చూపించింది. వస్తువు పెట్టి అరగంటలో మనిషి రాకపోతే దాన్ని తీసేసి కుర్చీ వేరేవాళ్లకి ఇస్తారట. తడి తువ్వాళ్ల బుట్ట పక్కన ఉన్న చిన్న బల్ల మీద నుంచి మా నాన్నగారి కండువా తీసి నా చేతికి ఇచ్చింది. చక్కగానే మడిచింది. నాలుగు మడతలు వేసింది.

చుట్టూ చూశాను. నీడలో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. మా ఆవిడ కర్ర కుడిచేత్తో పట్టుకుని, ఎడమచెయ్యి నా సాయంతో లేపి ఆ కుర్చీ వీపు మీద ఆనించుకుంది. పాదం మార్చి పాదం మీద నిలబడింది. ఆ చెయ్యి అక్కడ చూసేసరికి నాకు కాళ్ల కింద ఓడ కాదు, లాంచీ ఊగినట్టయింది.

"అడగండి" అంది.

నాకు ఇంగ్లీషు వచ్చు. ముప్పై ఏళ్లు ఆఫీసులో ఇంగ్లీషులోనే ఉత్తరాలు రాశాను. మా ఆవిడ నిలబడలేకపోతోంది, దయచేసి చోటు ఇవ్వండి. ఇంతే మాట. ఒకరిని చోటు అడగడం మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు. ఆమె కాలు వణకడం కనపడుతోంది. ఆమె ఇంత దూరం వచ్చింది ఆ కుర్చీలో కూర్చోవడానికి. ఇంకోసారి ఇలాంటి ప్రయాణం ఆమె ఒంటికి ఉందో లేదో డాక్టరు చెప్పలేదు, మేము అడగలేదు. అన్నీ తెలిసి, కండువా చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

మా ఆవిడ నా ముఖం ఒకసారి చూసి, వంగి, కర్రతో కుర్చీ కాలుని టకటకమని తట్టింది. ఆ యువకుడు కళ్లు తెరిచాడు. "బాబూ, కాస్త లేస్తావా నాయనా? కాళ్లు లాగేస్తున్నాయి" అంది, పక్కింటి పిల్లవాడితో అన్నట్టు.

అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా అదిరిపడి లేచి, క్షమించమన్నట్టు చేతులు జోడించి, ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. కాళ్లు పైకి పెట్టించాడు. ఎక్కడి నుంచో ఇంకో కుర్చీ మోసుకొచ్చి ఆమె పక్కన వేసి, నాకు చూపించి వెళ్లిపోయాడు. ఈ పనంతటికీ రెండు నిమిషాలు పట్టలేదు. నేను ఇంకా నిలబడే ఉన్నాను.

"కూర్చోండి. ఎవరూ చూడట్లేదు" అంది మా ఆవిడ.

కూర్చున్నాను. ఆ రోజంతా కూర్చున్నాను. సముద్రం గురించి గొప్పగా రాయడానికి నాకేమీ తోచడం లేదు. ఎటు చూసినా ఒకటే నీలం, ఎంతసేపు చూసినా అంతే. మా ఆవిడ మాత్రం రెప్ప వాల్చకుండా చూసింది. మా బావమరిది వచ్చి, "ఏం బావగారూ, మీ లాంచీలో ఇంత గాలి వచ్చేదా?" అని వేళాకోళమాడి, టీలు తెచ్చిపెట్టి వెళ్లాడు. మధ్యాహ్నం ఎప్పుడో, నలభై అయిదేళ్ల కాపురంలో మొదటిసారి, సరంగు భార్య సంగతి ఆమెకి చెప్పాను. అంతా విని, "తీసి భుజాన వేసుకుంటే సరిపోయేది కదండీ" అంది. తరువాత కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను గాని కాదు. కాసేపటికి, "ఆ పిల్లకి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి" అంది.

ఇప్పుడు భవానీపురం ఒడ్డున షికారు బోట్లు తిరుగుతున్నాయి. అందరికీ ఒకే రంగు చొక్కాలు తొడిగి, ఒకే రకం ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి నదిని చూపించి తీసుకొస్తారు. అమరావతికి నీటి దారిన వెళ్లాలని ఎవరూ అనుకోరు. పొద్దున నడకకి వెళ్లినప్పుడు అక్కడ ఆగి చూస్తుంటాను. ఎవరు ముందు వస్తే వాళ్లు మంచి చోట కూర్చుంటారు, ముసలివాళ్లు వస్తే ఎవరో ఒకరు లేస్తారు, అక్కడితో సరి. ఇంత తేలికైన సంగతి మాకు మూడు తరాలకి ఎందుకు తెలియలేదో నాకు అర్థం కాదు. అవతలి ఒడ్డున ఆ సరంగు ఊరు ఇక్కడికి కనపడదు. ఇప్పుడు వంతెన ఉంది, బస్సు ఉంది. నేను ఇంకా వెళ్లలేదు.

నాన్నగారు పోయిన ఏడాదికి లాంచీని ఏలూరు నుంచి వచ్చిన పాత ఇనుము వ్యాపారికి అమ్మేశాము. అతను ఇంజను వేరుగా, రేకులు వేరుగా, కొయ్య వేరుగా తూచి తీసుకున్నాడు. కుర్చీని కొయ్యతో పాటు తూచాడు.